గీజరు మీది కుంకుమ

మా ఇంట్లో ఫికర్ అంతా నాదే. గ్యాస్ ఆపానో లేదోనని గల్లీ చివరి నుంచి వెనక్కి వచ్చే రకం నేను. "కాలు గాలిన పిల్లి లెక్క ఎందుకు తిరుగుతవే?" అంటారు మావారు. తిరుగుతాను. నేను తిరగబట్టే ఈ ఇల్లు నిలబడిందని అనుకునేదాన్ని. అన్నిటికీ అంత కంగారుపడే నేను, పడాల్సిన ఒక్కదానికి మాత్రం పడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒకచోట కూర్చోబుద్ధి కాదు.

మా కోడలికి తల్లి లేదు. అందుకని కాన్పు ఉప్పుగూడలో మా ఇంట్లోనే అన్నాను. అమ్మ లేని లోటు తెలియనివ్వనని పదిమందిలో గొప్పగా మాట కూడా ఇచ్చాను. దసరాకు నాలుగు రోజుల ముందు పాప పుట్టింది. పురుడు కాబట్టి ఆ ఏడు ఇంట్లో పూజ లేదు. ఆయుధపూజ నాడు మావారి స్కూటరుకు, నా కుట్టుమిషనుకు బొట్టు పెట్టలేదు. మామూలుగా అయితే ప్రతి ఏడూ నేనే స్టూలెక్కి బాత్రూంలోని గీజరుకు కూడా పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాను. చలికాలమంతా వేడినీళ్ళు ఇచ్చేది, దాన్ని ఒక్కదాన్నే ఎట్లా వదిలేస్తాం?

ఆ గీజరు మా అబ్బాయి ఇంటర్ చదివేనాటిది. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, బకెట్లకు తెల్లగా పొర కడతాయి. కొంతకాలంగా గీజరు కాగేటప్పుడు లోపల గులకరాళ్ళు ఆడించినట్టు కడకడమనేది. మునుపు పది నిమిషాల్లో కాగే నీళ్ళు అరగంటకు గాని కాగేవి కావు. అందుకని తెల్లవారగానే స్విచ్ వేసి, పాప స్నానం, బాలింత స్నానం అయ్యేదాకా ఆపనిచ్చేదాన్ని కాదు. గీజరు కింద గోడ మీద ఎర్రటి చార ఒకటి దిగేది. ఆవిరికి నా కుంకుమ కరిగి కారుతోందని వారానికోసారి తుడిచేదాన్ని. తుడిచి, ఆ వేలు కళ్ళకద్దుకున్న రోజులు కూడా ఉన్నాయి. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కోడలు నోట్లో నాలుక లేని పిల్ల. పాపకు పన్నెండో రోజున, స్నానం చేసి వచ్చి నెమ్మదిగా అంది.

"అత్తమ్మా, నల్లా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది."

"ఒంట్ల రక్తం లేదు బిడ్డా. బాలింతకు తిమ్మిర్లు రావా? ఖర్జూరాలు తిను."

మర్నాడు మళ్ళీ అంది. నేను వెళ్ళి నల్లా పట్టుకుని చూశాను. నాకేమీ కాలేదు. మడమల పగుళ్ళ వల్ల నేను బాత్రూంలోకి కూడా రబ్బరు చెప్పులతోనే వెళ్తాను. ఆమె వట్టికాళ్ళతో వెళ్తుంది. ఆ తేడా నాకు తట్టలేదు. "సూడు, నాకేమైతలేదు. ఊకె లేనిపోని అనుమానాలు వెట్టుకోకు" అని కసిరాను. తర్వాత ఒకరోజు ఆమె స్విచ్ ఆపబోతుంటే అదీ చేయనివ్వలేదు. "బంద్ జేస్తే నీళ్ళు సల్లవడ్తయ్. పిల్లకు సర్ది అయితే ఎవరిది పాపం?" అన్నాను. ఆ మాటన్న నాలుకను ఏం చేయాలో నాకిప్పటికీ తెలియదు.

ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నా మాట విన్నదనుకుని సంబరపడ్డాను. కానీ ఇంకో లొల్లి మొదలైంది. నేను నూనెగిన్నె, సున్నిపిండి సర్దుకుని పాపను ఎత్తుకునే లోపే ఆమె బాత్రూంలోకి వెళ్ళి రెండు బకెట్లూ నింపేసి వచ్చేది. పచ్చి బాలింత తడిలో నిలబడొచ్చా? నెత్తీ నోరూ కొట్టుకున్నా వినదు. పైగా వంటింట్లో నా చెక్క గరిటె మాయమైంది. దానికోసం రోజూ డబ్బాలన్నీ కదిపి, గిన్నెలన్నీ దింపి సణిగేదాన్ని. అడిగితే కోడలు తల వంచుకుని "నేను సూడలె అత్తమ్మా" అంది.

ఇరవై ఒకటో రోజున పాపను తొట్టెలలో వేయాలి. ముందురోజు మావారు నల్లగాజుల కోసం చార్మినార్ వెళ్ళారు. నేను ఊరికే ఉండే మనిషిని కాదు గదా, చుట్టాలు వస్తారని బాత్రూం గోడలు కడగడం మొదలుపెట్టాను. గీజరు కింద మళ్ళీ అదే ఎర్రచార. గుడ్డతో తుడవబోతుంటే నా చెయ్యి ఆగిపోయింది.

ఈ ఏడు నేను కుంకుమ పెట్టలేదు.

పెట్టని కుంకుమ ఎట్లా కారుతుంది? చెప్పులు విడిచి స్టూలెక్కి చూశాను. పోయినేటి బొట్టు ఆనవాలు కూడా లేదు. గీజరు అడుగు అంచున ఎర్రనీళ్ళ చుక్క ఒకటి ఊరి, నా మణికట్టు మీద పడింది. కంగారుగా వట్టికాళ్ళతో తడినేల మీదికి దిగుతూ, పట్టు కోసం నల్లా మీద చెయ్యి వేశాను. మోచేతి దాకా ఎవరో గుంజినట్టు జివ్వుమంది. "వామ్మో!" అని అరిచాను. కోడలు చెప్పిన జివ్వు అదే.

స్విచ్ ఆపేశాను. ఆపిందీ లేనిదీ మూడుసార్లు చూసుకున్నాను. చాంద్రాయణగుట్ట నుంచి వచ్చిన మెకానిక్ మూత విప్పి, టార్చి వేసి చూసి, నా వైపు తిరిగాడు.

"ఎన్ని దినాల సంది కారుతుందమ్మా?"

నేను తుడిచినన్ని రోజుల నుంచి. చేతిలోని తుడిచే గుడ్డను కొంగు చాటుకు తోశాను.

"పైపు కాడ కారితే వాషర్ ఏసి పోతుంటి. ఇది టంకీకే తూటు వడ్డది. ఎర్రనీళ్ళు వస్తున్నయంటే లోపల తుప్పు తినేసినట్టే. నీళ్ళు వైర్ల మీదికి వచ్చినయ్, మీకు ఎర్తింగ్ గూడ లేదు. దీన్ని నేను రిపేర్ జెయ్యనమ్మా, కొత్తది వెట్టుకోండ్రి. ఇంట్ల చిన్నపిల్లలు ఉన్నరా?"

లోపలి గదిలో పాప ఏడ్చింది. అతను తల కొట్టుకుని, గీజరు దింపడానికి బాత్రూం తలుపు పూర్తిగా తెరిచాడు. ఆ తలుపు వెనక మూలన నా చెక్క గరిటె నిలబెట్టి ఉంది.

దాన్ని పట్టుకుని కోడలి దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి తిడతాననుకుందేమో, మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"ఇదేంది బిడ్డా?"

"దాంతోని నల్లా తిప్పుతున్న అత్తమ్మా. కట్టెకు కరెంటు రాదు గదా."

"మరి బకెట్లు నువ్వెందుకు నింపుడు?"

"పాపను కాళ్ళ మీద ఏసుకునేటప్పుడు మీరు చెప్పులు విడుస్తరు. నీళ్ళు తక్కువైతే కూసున్నకాడికెల్లే నల్లా తిప్పుతరేమో అని భయమైంది. గందుకే ముందుగాల్నే నిండ వడ్తున్న."

నాకెందుకు చెప్పలేదని అడగబోయాను. రెండుసార్లు చెప్పింది.

ఆమె పక్కన కూలబడ్డాను. అమ్మ లేని లోటు తెలియనివ్వనని మాటిచ్చినదాన్ని నేను, నన్నూ పాపనూ కాచుకున్నది ఆమె. "తప్పయింది బిడ్డా" అన్నాను. సిగ్గుతో ఏడ్చాను కూడా. ఆమె పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

కొత్త గీజరు వచ్చింది, ఎర్తింగ్ వేయించాం. మావారు కుంకుమ భరిణె తెస్తే, దీనికి గంధం చాలన్నాను. ఇక మీదట ఎర్రగా ఏది కారినా అది కుంకుమ అనుకునే వీలుండకూడదు. నా తిరుగుడు తగ్గకపోగా పెరిగింది. మొన్న పొద్దున కోడలు వంటింట్లోంచి "అత్తమ్మా" అని పిలిచింది. మిగతా మాట వినకుండానే ఉరికి, గీజరు స్విచ్ ఆపేసి వచ్చాను.

"ఛాయ్ తాగుతరా అని అడుగుతున్న అత్తమ్మా" అంది నవ్వుతూ.

తాగుతానన్నాను. ఆమె స్నానం అయ్యేదాకా స్విచ్ మాత్రం మళ్ళీ వేయలేదు.