నల్ల పెంకులు ఏ గుంటవి

మా ఇంట్లో అందరివీ కొట్లే. సరుకు ఎన్ని బస్తాల్లో వచ్చినా ఒక రకమంతా ఒక డబ్బాలో పోయాలి, కంటికి ఇంపైనది ముందు పెట్టాలి. అక్షరాల కంటే ముందు నాకు వచ్చిన చదువు అది.

తొంభైల్లో ఖతార్‌లో, అల్ ఖోర్ దగ్గర సముద్రపుటొడ్డున తవ్వకాలు జరిపే విదేశీ బృందం దగ్గర అదే చదువు చూపించాను. అంతకుముందు నాది భవనాలు కట్టే సైటులో ఇటుకలు మోసే పని. ఇంగ్లీషు వచ్చునని బేరమాడి, తవ్వకాల్లో దొరికిన కుండపెంకులకు నంబర్లు వేసే పని సంపాదించాను. కుర్చీ, ఏసీ గది.

మొదటి వారం మూడు గుంటల నుంచి మూడు సంచులు వచ్చాయి. పెంకులు కడిగి ఆరబెట్టి, ఎర్రవన్నీ ఒక పళ్ళెంలో, బూడిదరంగువి ఇంకోదాంట్లో సర్దాను. నిగనిగలాడే నల్లవి ఆరుంటే ముందువరసలో పెట్టాను. సంచులు దులిపి మడతపెట్టాను.

తవ్వకాలు నడిపించే మేడమ్ వచ్చి నల్లవాటి మీద వంగింది. రెండు వేల ఏళ్ళ కంటే ముందే గ్రీసు దేశం నుంచి ఓడలో వచ్చినవట.

"ఇవి ఏ గుంటవి?"

"మంచివన్నీ ముందు పెట్టాను మేడమ్."

"ఏ గుంటవని అడిగాను."

దొరికిన చోటు తెలియకపోతే అది ఉత్త పగిలిన కుండేనట. నేను బేరానికి దిగాను. గుంటలు పక్కపక్కనే కదా, గుంటకు రెండేసి రాద్దామన్నాను. ఆమె నవ్వలేదు. సాయంత్రంలోగా తేలకపోతే మర్నాడు మళ్ళీ ఇటుకల సైటు బస్సు ఎక్కమంది.

ఆ గుంటలు తవ్విన పెద్దాయనది నిజామాబాద్ వైపు. ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"ఏంది శేటూ, దుకాణం మూతవడ్డదా?"

"అన్నా, నువ్వు తవ్వినవే. కాస్త గుర్తుపట్టు."

"నాకేమిస్తవ్?"

"నెలరోజులు నీ ఉత్తరాలు రాసిపెడతా."

"నీ ఉత్తరాల్ల బేరాలే ఉంటయ్. జర నీ కుర్సీల కూసోనియ్యి. చల్లగుంటది."

అరగంట కూర్చోనివ్వడానికి ఒప్పుకున్నాను. చవకగా కొట్టేశాననుకున్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని, ఒక నల్ల పెంకు తీసి, కడిగినా రుచి పోదంటూ విరిగిన అంచును నాలుకకు తాకించాడు.

"గిది సముద్రం దిక్కుది. ఉప్పుగుంది." ఇంకోటి నాకాడు. "గిది పొయ్యి ఎల్లిన గుంటది. బూడిద." మూడో గుంట మట్టి చప్పగా ఉంటుందట. అంతుపట్టనివాటిని "తెల్వది" అని పక్కన పెట్టాడు.

మేడమ్ ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. తను ముందే నంబర్లు వేసి ఉంచుకున్న పెంకులు ఐదు తెచ్చి, నంబరు కిందికి తిప్పి ఆయన ముందు పరిచింది. నాలుగు సరిగ్గా చెప్పాడు. ఐదోది తెల్వదన్నాడు.

"రోజూ ఇక్కడ కూర్చుంటాడేమో అడుగు," అంది నాతో.

మాట అటూ ఇటూ చేరవేసేది నేనొక్కణ్ణే. 'ఇక వెళ్ళి తవ్వుకోమంటోంది అన్నా' అంటే సరిపోయేది. పెదవుల దాకా వచ్చింది కూడా. కానీ ఆయన అప్పటికే నా ఆరో నల్ల పెంకు నాకుతున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"నాకు రాసుడు రాదు," అన్నాడు, కుర్చీలోంచి లేవకుండానే. "శేటును గుంట కాడ నిలవెట్టుమను. సంచిల ఏసేటప్పుడే చీటీ రాస్తడు."

దాన్నీ నేనే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. మేడమ్‌కు బాగా నచ్చింది.

మర్నాడు సైటు బస్సు ఎక్కలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని, గుంట ఒడ్డున ఎండలో కూర్చుని, ఒక్కో పెంకూ సంచిలో పడకముందే చీటీ రాశాను.