ఏం తిన్నవ్ బిడ్డా?

ఎవరైనా ప్రేమగా నా గడ్డం పట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి తోసేస్తాను.

నిజాం కాలంలో, నాంపల్లి స్టేషను వెనకాల మా ఆడపిల్లల బడి. పొద్దున్నే పంతులమ్మ గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరి గడ్డం ఎత్తి, మెడకు రెండు పక్కలా వేళ్లతో తడిమేది. "ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగేది గానీ జవాబు వినేది కాదు. మమ్మల్ని ముద్దు చేస్తోందనుకుని మేం ఎగబడేవాళ్లం. ఊళ్లో ఎలుకలు చచ్చిపడుతున్నాయనీ, ఆమె వెతికేది ప్లేగు గడ్డలనీ మాకెవరూ చెప్పలేదు.

ఒకనాడు నా ముందున్న పిల్ల, ఆబిడ్స్‌లో బట్టలు కుట్టే దర్జీ కూతురు, "జొన్నరొట్టె" అంది. పంతులమ్మ వేళ్లు ఆ పిల్ల మెడ మీదే ఆగిపోయాయి.

"రొట్టెలకేం కూర బిడ్డా?"

ఈసారి ఆ పిల్ల చెప్పిందంతా విన్నది. తరవాత మాకేసి తిరిగి, "మీరు ఇండ్లకు పోండ్రి. ఇయ్యాల బడి లేదు" అన్నది. మేం సంబరంగా కేకలు పెట్టాం.

ఒళ్లు కాలుతున్న పిల్లను టాంగావాడు ఎక్కించుకోనన్నాడు. పంతులమ్మ ఆమెను భుజాన వేసుకుని దవాఖాన వైపు నడిచిపోయింది.

ఇద్దరూ తిరిగి రాలేదు.

బడి మళ్లీ తెరిచాక కొత్త పంతులమ్మ వచ్చింది. మేం గుమ్మం ముందు గడ్డాలు ఎత్తి నిలబడ్డాం.

"గట్లెందుకు నిలబడ్డరు? లోపలికి రాండ్రి" అన్నదామె.

ఎవరమూ కదల్లేదు. చివరికి ఒకరి మెడ ఒకరం తడిమి చూసుకుని లోపలికి పోయాం. ఏం తిన్నావని మాత్రం ఎవరమూ అడగలేదు.