గవాచికి చెక్క అద్దం: మదనపల్లె నుంచి కుప్పం, పుంగనూరు మీదుగా వెనక్కి

మా వదిన రత్నమ్మ మగ్గం అమ్మేస్తానన్నప్పుడు ఈ ప్రయాణం పెట్టుకున్నాను. మదనపల్లెలో మా అన్నవాళ్లది పాత మిద్దె ఇల్లు. మగ్గానికి సరిగ్గా పైన, కప్పులో వెలుతురు కోసం జానెడు కంత ఉంటుంది. మా వైపు దాన్ని గవాచి అంటాం. దానికి బిగించిన గాజు పలకను పోయిన ఏడాది కోతులు పగలగొట్టాయి. పెంకులు నేరుగా మగ్గానికి నిలువుగా బిగించిన పట్టు పడుగు మీద పడి పోగులు తెగిపోయాయి, ఏరబోయిన వదిన అరచెయ్యి కోసుకుపోయింది. ఇక తన పడుగు మీద గాజు పెడితే మగ్గం గుంతలో కాలే పెట్టనని మొండికేసింది. ప్లాస్టిక్ షీటు వేసి చూశాం. ఎండ నేరుగా కళ్లలో గుచ్చింది, పైగా ఒక్క వేసవికే షీటు పసుపెక్కింది. చివరికి కంత మూసేసి ట్యూబులైటు కింద నేసింది. ఆ లైటులో మెరూను ఏదో కాఫీ రంగు ఏదో పోల్చుకోలేక ఒక పెళ్లి చీర అంచు తప్పు రంగులో నేసింది. అది వెనక్కి వచ్చాక మగ్గం ముట్టడమే మానేసింది. బి.కొత్తకోట నుంచి ఒకాయన వచ్చి మగ్గం చూసుకుని, శుక్రవారం బండి తెస్తానని చెప్పి వెళ్లాడు.

నేను బడిలో సైన్సు చెబుతాను. కుప్పంలో ఒక కాలేజీ మేడమ్, తన విద్యార్థులతో కలిసి చెక్కను అద్దంలా పారదర్శకంగా చేస్తున్నారని తోటి టీచరు చెబితే ఫోన్ చేసి, సిగ్గు విడిచి అడిగాను. "పగిలినా పెంకులు రాలవు గదా మేడమ్?" అన్నదే నా మొదటి ప్రశ్న. ఆమె నవ్వి, గవాచి కొలతలు పంపమన్నారు. పలక తయారైందని బుధవారం సాయంత్రం కబురొచ్చింది. గురువారం సెలవు పెట్టేశాను.

పొద్దున ఆరింటికి మదనపల్లె బస్టాండులో ఉన్నాను. "కుప్పానికి నేరుగా పోతాదా అప్పా?" అని కండక్టర్ని అడిగితే, "పలమనేరులో మారల్లమ్మా. ఆధార్ కార్డు ఉండాదా? అయితే కూసో" అన్నాడు. ఆర్టీసీ పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ డబ్బులు లేవు, కార్డు చేతిలో ఉంటే చాలు. మగవాళ్లు ఒక్కో వైపుకు రెండు వందలు పెట్టుకుంటే ధైర్యంగా ఉండొచ్చు. పుంగనూరు దాటాక టమోటా తోటలు, పలమనేరు దగ్గర మామిడి తోటలు, వి.కోట తర్వాత బోర్డుల మీద మూడు భాషలు. కిటికీ పక్క సీటు దొరికితే నాలుగు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

మేడమ్ ల్యాబు చిన్న గది. బల్ల మీద బూరుగ చెక్క పలచటి రేకులు మూడు దశల్లో ఉన్నాయి. చెక్కకు గోధుమ రంగునిచ్చే లిగ్నిన్‌ను రసాయనంతో తీసేస్తే అది తెల్లకాగితంలా పాలిపోతుందట. ఆ సన్నటి ఖాళీల్లోకి రెజిన్ అనే జిగురును ఎక్కిస్తే వెలుతురు అడ్డం లేకుండా దాటుతుందట. మూడోదాన్ని నా చేతిలో పెట్టారు. నా వేళ్లు అందులోంచి స్పష్టంగా కనిపించాయి, ఈనెలు మాత్రం లేత గీతల్లా ఉన్నాయి. "గాజు కరిగించేంత మంట దీనికి అక్కర్లేదమ్మా. అట్లని పూర్తిగా చెట్టే అని గొప్పలు చెప్పను, జిగురు కూడా ఉండాది. ఎండకూ వానకూ ఎన్నాళ్లు ఆగతాదో మీ ఇంటి పైనే సూడాల. పసుపెక్కకుండా రెండు పక్కలా పూత వేసినాం" అన్నారు. ఖర్చు ఎంతని అడిగితే చెయ్యి ఊపేశారు. నెలకోసారి ఫోటో పంపితే చాలన్నారు. ముక్కూ మొహం తెలియని నా కోసం ఇంత చేసిన మనిషికి దండం పెట్టడం తప్ప నాకేమీ తోచలేదు.

బస్టాండు దగ్గర మెస్సులో సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే పల్లీల పచ్చడి, తిన్నాను, డెబ్బై రూపాయలు. వడ్డించే అమ్మ నా సంచీలోకి తొంగిచూసి, "ఏందమ్మా అది, అప్పడమా?" అంది.

"చెక్కమ్మా" అని పలక తీసి ఆమె చేతిలో పెట్టాను.

"సెక్కయితే నా చెయ్యి అవతల ఎట్ల కనపడతాండాది? టీచరమ్మవి, నన్ను ఆట పట్టిస్తాండావా?" అని ఇంకో గరిటె నెయ్యి వేసింది.

మధ్యాహ్నం రెండు దాటాక పుంగనూరులో దిగాను. మగ్గాలు బాగుచేసే వడ్రంగి మస్తాన్ సాయబు అంగడి అక్కడే. మా అన్నవాళ్ల మగ్గం ఆయన చేతిదే, అందుకే చట్రం ఆయన్నే చెయ్యమన్నాం. పలకను చేతిలో పెట్టి, "ఇది గాజు గాదు సాయబూ, అచ్చంగా చెక్క!" అని గొప్పగా చెప్పాను. చట్రం బిగించమని, టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన పలక మీది పొడిని ఉఫ్ అని ఊదుతున్నాడు. పక్కన చెక్కను రుద్ది నునుపు చేసే ఉప్పు కాగితం ఉంది. అద్దంలాంటి పలక ఒక పక్కంతా ఆవిరి పట్టినట్టు మసకబారింది.

"ఎంత పని చేస్తివి సాయబూ!" అని అరిచేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన మొహం మాడిపోయింది. "సెక్క అని సెప్తివి గదమ్మా. సెక్క నా సేతికొస్తే ఉప్పు కాగితం పెట్టకుండా ఎట్ల ఇస్తాను? పట్టు దగ్గర పెట్టేది, గరుకు తగిలితే పోగు లేస్తాదని రుద్దినా."

నాకు ఏడుపొచ్చింది. తెల్లారితే శుక్రవారం. మేడమ్‌కు ఫోన్ చేస్తే, రుద్దిన పక్క లోపలికి, పూత ఉన్న పక్క ఆకాశానికి పెట్టి చూడమన్నారు. మస్తాన్ సాయబు వెంటనే అంగడి మూసి, చట్రం చంకన పెట్టుకుని నాతో బస్సెక్కాడు. "నేనే బిగిస్తాను, రత్నమ్మకు నేనే సెప్పుకుంటాను" అన్నాడు.

నాలుగున్నరకు ఆయన మిద్దె ఎక్కి కంత తెరిచాడు. చట్రం కూర్చోగానే నేను కింద మగ్గం మీదికి చూశాను. ఎండ ఒక్కచోట మచ్చలా పడలేదు. పడుగంతా ఒకే తీరుగా, నీడలు లేకుండా వెలుతురు పరుచుకుంది. వదిన తలుపు దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు. చాలాసేపటికి రెండు పట్టు కండెలు తెచ్చి పలక కింద పట్టుకుంది. "ఇది మెరూను, ఇది కాఫీ" అంది. ఇంకోసారి తిప్పి చూసుకుని అదే మాట అంది. తర్వాత పైకి చూసి, "మస్తానన్నా, ఇది పగిల్తే?" అని కేకేసింది.

"సెక్క గదమ్మా, పగల్దు. సీలినా పెంకులు రాలవు" అని పైనుంచి జవాబొచ్చింది.

వదిన గుంతలోకి కాళ్లు దించి కూర్చుంది. మా అన్న ఫోన్ అడిగి తీసుకుని, బి.కొత్తకోట ఆయనకు తనే చెప్పింది: "రేపు బండి తేవద్దప్పా. మగ్గం ఖాళీగా లేదు."

ఈ పలక ఎన్ని వానలు తట్టుకుంటుందో నాకు తెలియదు, మేడమ్‌కూ తెలియదు. కానీ ఒక్క రోజులో ఇంతమంది మంచితనం నా మీద పడింది. మస్తాన్ సాయబు మీద అరిచినందుకు ఆ రాత్రి అన్నం పెట్టి మరీ క్షమించమన్నాను. ఆయన రుద్దకపోయి ఉంటే వెలుతురు ఇంత మెత్తగా పడేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. మీరూ ఇలాంటి పలక చేయించుకుంటే, ఏ పక్క రుద్దాలో ఏ పక్క ముట్టకూడదో వడ్రంగికి ముందే చెప్పండి. మాది చూడాలనుకుంటే పది నుంచి నాలుగు లోపల రండి, గవాచి కింద మాత్రం నిలబడకండి. నిన్న నేను ఫోటో తీద్దామని నిలబడితే, వదిన తల కూడా ఎత్తకుండా, "పక్కకు జరుగు సుజాతా, ఎలుతురుకు అడ్డమొస్తాండావు" అంది.