నందివెలుగు చిరునామా

ఆ ఉదయం పళ్లు తోముకుంటూ దగ్గితే తువాలు మీద నెత్తురు పడింది. అప్పటికి మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. చెరుకుపల్లి దగ్గర మా ఊరి ఆరోగ్య కేంద్రం ఇంటికి కూతవేటు దూరం. అది మా తాతగారు రాసిచ్చిన స్థలం. మాకిప్పుడు ఇల్లొక్కటే మిగిలినా, అక్కడ ఓపీ చీటీ పట్టుకుని నిలబడడానికి మనసొప్పలేదు. బస్సెక్కి తెనాలి పెద్దాసుపత్రికి వెళ్లాను.

ఎక్స్‌రే తీశారు, కళ్లె తీసుకుని స్పుటం టెస్ట్ చేశారు. "టీబీ అండి. ఆరు నెలలు మానకుండా మందులు వాడితే తగ్గిపోతుంది," అన్నారు డాక్టరు గారు. వివరాలు రాసుకునే ఉద్యోగి ఊరు అడిగాడు. "మందులు మీ ఊరికే వస్తాయండి. ఆశా వర్కర్ ఇంటికొచ్చి అందరికీ టెస్టులు చేయిస్తుంది."

మా ఊరి ఆశా మరియమ్మ. ఆమె తల్లి మా పొలాల్లో నాట్లు వేసేది. మరియమ్మ మా గడపలో నిలబడి ఈ జబ్బు పేరు పలకడం ఊహించుకోలేక, తెనాలి పక్కనున్న నందివెలుగులోని మా చెల్లెలి ఇల్లు నా చిరునామాగా రాయించాను. నెలనెలా అక్కడికి వెళ్లి మందులు తెచ్చుకున్నాను. అక్కడి ఆశా మా చెల్లెలి ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించింది. మా ఇంట్లో మాత్రం కోడలితో కూడా నాది నిమ్ము అనే చెప్పాను. అబ్బాయి దూరాన ఉద్యోగంలో ఉన్నాడు, ఇంట్లో ఉండేది నేను, కోడలు, మనవరాలే.

రెండో నెలలో నా దగ్గు తగ్గింది. మూడేళ్ల మనవరాలు దగ్గడం మొదలుపెట్టింది. అది రోజూ నా పక్కలోనే పడుకునేది. సిరప్ పట్టినా తగ్గలేదు. పక్కటెముకలు కనబడసాగాయి. పిల్లను ఎత్తుకుని మా ఊరి కేంద్రంలో వరసలో నిలబడి, మరియమ్మకు నిజం చెప్పాను.

"ఏంటి బాబుగారూ, నందివెలుగులో కాపురం పెట్టారా?" అంది. "సర్లెండి, పాపని తెనాలి తీసుకెళ్దాం. వాళ్లమ్మని కూడా రమ్మనండి. ఆవిడకీ టెస్టు చెయ్యాలి."

"ఇంత చిన్నపిల్ల కళ్లె ఉమ్మలేదండి. పరగడుపున ముక్కులోంచి ట్యూబ్ వేసి కడుపులోంచి తీయాలి," అన్నారు తెనాలిలో పిల్లల డాక్టరమ్మ. ట్యూబ్ వేసేటప్పుడు పిల్ల కాళ్లు కదలకుండా నేనే పట్టుకున్నాను. "తాతయ్యా, వద్దని చెప్పవా," అని పిల్ల నన్నే అడిగింది.

రిపోర్టులు వచ్చాయి. కోడలికి ఏమీ లేదన్నారు. పాపకు పాజిటివ్. "మీకు తెలిసినప్పుడే తీసుకొచ్చుంటే జబ్బు రాకుండా ఇచ్చే ప్రివెంటివ్ మందుతో ఆగేదేమోనండి," అన్నారు డాక్టరమ్మ. కోడలు ఆ రాత్రే పాప పక్కను తన గదిలోకి మార్చేసింది.

నా కోర్సు పూర్తయింది. పాపకు ఇంకా రెండు నెలలుంది. మరియమ్మ వచ్చి బరువు చూసి వెళ్తోంది. పిల్ల ఒక్కసారి దగ్గినా ఇప్పటికీ పరుగున వెళ్లి చూస్తాను. ఆసుపత్రిలో ఊరు, ఇల్లు అడిగితే, మీరు రోజూ పడుకునే ఇంటి చిరునామాయే చెప్పండి. మీ ఊపిరి తగిలేవాళ్లు అక్కడే ఉంటారు.