రెండుసార్ల మేస్త్రి కొలత

పొద్దున ఆరున్నరకల్లా గిన్నెలు కడగడం ముగించి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆవిడ పెరట్లోని టైర్ల షెడ్డులోకి వెళ్ళేది. ఇరవై రెండేళ్ళు అదే వరస. అప్పటికే ఆవిడ భర్త రిమ్ముని నేలమీద పడుకోబెట్టి, ఇనప టేపు ఒక కొస పట్టుకుని గొంతుక్కూర్చుని ఉండేవాడు. రెండో కొస ఆవిడ పట్టుకోవాలి. ఆయన చూపు మందగించాక అంకె చదవడం కూడా ఆవిడ పనే అయింది. చదువు నాలుగో తరగతితో ఆగిపోయినా అంగుళం, అరంగుళం, పావంగుళం ఆవిడకి కొట్టిన పిండి.

"ఎంతే?"

"తొమ్మిదిన్నర."

"ఇంకోసారి చూడు."

"ఇంకోసారి చూస్తే పెరుగుతుందా ఏం?"

"పెరగదని తేలాలిగా!"

ఏ రిమ్మునైనా రెండుసార్లు కొలవందే టైరు ముట్టుకునేవాడు కాదు కాబట్టి జనం ఆయనకి రెండుసార్ల మేస్త్రి అని పేరు పెట్టారు. ఆ మేస్త్రి అయిదు నెలల కిందట నిద్రలోనే పోయాడు. ఇప్పుడు ఆరున్నరకి గిన్నెలు అయిపోతాయి. ఆ తరవాత ఏం చెయ్యాలో తెలియక ఆవిడ కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతుంది. షెడ్డు తలుపు పదింటికి మరిది వచ్చి తీస్తాడు.

ఊరి బయట విమానాలు దిగే పాత రన్‌వే ఒకటుంది, ఇప్పుడు వాడకం లేదు. ఆదివారాలు అక్కడ రెండేసి కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నగా ఒకే పరుగు పరిగెడతాయి. వంపు లేదు, మలుపు లేదు. గట్టిగా ఊపిరి బిగబట్టేలోపు అయిపోతుంది. దాన్నే డ్రాగ్ రేసంటారు. ఆ కార్ల వెనక చక్రాలకి నున్నటి, మెత్తటి, వెడల్పాటి టైర్లు వెయ్యాలి. వచ్చిన ప్రతివాడూ షెడ్డులో అన్నిటికన్నా లావు టైరుకే వేలు చూపించేవాడు. మేస్త్రికి అక్కడే తిక్కరేగేది.

"నీ కాలెంతో తెలీకుండా చెప్పులు కొంటావా నాయనా? ముందు రిమ్ము చూపించు. ఇరుకు రిమ్ముకి లావు టైరెక్కిస్తే దాని పొట్ట ఉబ్బుతుంది. నడుమ ఒక్కటే నేలకానుతుంది, అంచులు గాల్లో ఉంటాయి. పక్కలు నిలవలేక ఊగుతాయి. వెడల్పు రిమ్ముకి సన్న టైరెక్కిస్తే చెవులు పట్టి లాగినట్టు సాగి కూర్చుంటుంది. రెండూ నీ ప్రాణం మీదకే."

"డబ్బు నాది, నీకెందుకు మేస్త్రీ?" అనేవాళ్ళు కొందరు.

"డబ్బు నీదే. ఎక్కించే చేతులు నావి!" అని వెనక్కి పంపేసేవాడు. అలా పోయిన బేరాలెన్నో. ఇంట్లో ఆవిడ ఒక్కనాడూ ఇదేమిటని అడగలేదు.

ఆ సోమవారం ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే షెడ్డులోంచి కేకలు వినిపించాయి. వచ్చినవాడు కళ్ళజోళ్ళ షాపు యజమాని. ఆదివారం రేసుల్లో పరిగెత్తే ఎర్రకారు ఆయనది. కుడిచెయ్యి గుడ్డతో మెడకి కట్టుకుని ఉన్నాడు. కారు వెనక చక్రం ఒకటి ఊడదీసి మనిషి చేత మోయించుకొచ్చి షెడ్డు మధ్యలో పడేయించాడు.

"సగం దూరం పోయానో లేదో, కారు వెనక భాగం తోకాడించినట్టు ఊగిపోయిందయ్యా! పక్క గోడకి రాసుకుపోయా. భుజం ఎముక విరిగింది. తలకాయ మిగిలింది, అదృష్టం. ఏం టైర్లవి? ఎవరిచ్చారు కొలత?"

మరిది గొంతు తగ్గించాడు. మరీ తగ్గించలేదు, పెరట్లోకి వినపడేంత. "మాదేముందండీ, అన్నయ్య రాసిపెట్టిన కొలతే. మీ రిమ్ములు కొన్నప్పుడు ఆయనేగా చూసింది. తొమ్మిదని రాశాడు, తొమ్మిదికి సరిపడే టైర్లే తెప్పించా. చివర్లో ఆయనకి కళ్ళు ఆనేవి కావు పాపం. పోయినవాణ్ణి ఇప్పుడేమంటాం చెప్పండి?"

"నేనూ అదే అనుకున్నా. నిన్న అందరూ చుట్టూ మూగి అడిగితే మేస్త్రి కొలత తప్పిందనే చెప్పా. నేను చేసిచ్చిన కళ్ళజోడు జేబులోంచి తీసేవాడా ఆయన!"

ఆవిడ చేతిలోని తడి దుప్పటి నేలమీద పడింది.

భర్త పోయిన రోజున కూడా నోరెత్తి ఏడవని మనిషి ఆవిడ. అయిదు నెలలుగా ఔను, కాదు తప్ప మూడో మాట ఇంట్లోవాళ్ళు వినలేదు. అలాంటిదానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత మాట! లేచొచ్చి కాదనలేడనేగా ఈ ధైర్యం! అన్న తిండి తిని, అన్న దగ్గర పని నేర్చుకుని, అన్న షెడ్డులో నిలబడి, అన్న మొహానికే మసి పూస్తాడా? రేసుకొచ్చిన జనమంతా ఇప్పటికే ఆ మాట ఇళ్ళకి మోసుకుపోయి ఉంటారు. రెండుసార్లు కొలిచీ తప్పాడట అని నవ్వుకుని ఉంటారు.

షెడ్డులోకి వెళ్ళి చక్రం పక్కన కూర్చుంది. టైరు మీద అరచెయ్యి వేసి నిమిరింది.

"ఇటు చూడండి బాబూ," అంది ఎర్రకారాయనతో. "నడుమ భాగం గరుకెక్కి అరిగింది. రెండంచులూ నిన్న కొన్నట్టు నిగనిగలాడుతున్నాయి. అంటే అంచులు నేలని తాకనే లేదు. ఈ రిమ్ముకి ఇది లావైపోయింది."

"వదినా, మీరు లోపలికెళ్ళండి," అన్నాడు మరిది. "ఇవన్నీ మీకెందుకు?"

"టేపు ఇలా ఇయ్యి."

"వదినా..."

"టేపు ఇమ్మన్నానా?"

ఇచ్చాడు. చక్రం మీద ఈ చివరి అంచు నుంచి ఆ చివరి అంచుకి టేపు పెట్టి చూపించింది. తొమ్మిదంగుళాలు.

"చూశారా! తొమ్మిదేగా!" అన్నాడు మరిది ఊపిరి పీల్చుకుని.

"ఇది పైన పెదవుల కొలత, అంటే బయటికి వంగిన ఈ అంచులది. టైరు కూర్చునేది పెదవుల లోపల. లోపలి నుంచి లోపలికి కొలవాలని మీ అన్న నీకు ఎన్నిసార్లు మొత్తుకుని చెప్పాడు? అటో అరంగుళం, ఇటో అరంగుళం తీసెయ్యి, ఎంతొస్తుంది? పాత టైరు ఊడదీసే ఓపిక లేక పైపైన కొలిచావు నువ్వు!"

"అదంతా ఊహ! అన్నయ్య తొమ్మిదనే రాశాడు."

"ఎక్కడ రాశాడు?"

మరిది బల్ల మీది కాగితాలు కెలకడం మొదలుపెట్టాడు.

"ఆయన కాగితాల మీద రాసే మనిషి కాదు బాబూ," అంది ఆవిడ ఎర్రకారాయనతో. "రిమ్ము లోపల, టైరు కప్పేసే చోట, పసుపు రంగుతో వేసేవాడు. ఈ టైరు ఊడదీయించండి."

"ఇప్పుడు కుదరదు, నాకు చాలా పనుంది," అంటూ మరిది కదిలాడు.

ఆవిడ చక్రం గాలి మూత తీసి, లోపలి పిన్ను తిప్పి వదిలింది. గాలి బుస్సుమని షెడ్డంతా వినపడేలా పోయింది. చచ్చుబడ్డ టైరుని ముందు పెట్టుకుని ఇక ఎవరు మాత్రం ఏం చేస్తారు? మరిది మొహం గంటు పెట్టుకుని మెషీను మీద ఎక్కించి ఊడదీశాడు.

రిమ్ము నడుమ, రబ్బరు పొడి కింద, పసుపు రంగు అంకె. ఆవిడ బొటనవేలితో రుద్దింది. ఎనిమిది. పక్కనే ఇంకో ఎనిమిది. రెండుసార్లు కొలిచాడు, రెండుసార్లూ వేశాడు.

"ఆయన కళ్ళు ఆనని మాట నిజమే," అంది. "ఈ అంకె చదివిన కళ్ళు నావి. నాకు బాగానే కనపడుతుంది."

ఎర్రకారాయన వంగి చూశాడు. "కళ్ళజోళ్ళమ్మే నాకే కనపడలేదమ్మా," అన్నాడు సిగ్గుతో. తరవాత మరిది వైపు తిరిగాడు. "కొత్త టైరెక్కించినప్పుడు నీకిది కనపడాలి కదయ్యా?"

ఆ ప్రశ్న ఆవిడకి తట్టనేలేదు. పొరపాటు పడ్డాడనే అనుకుంది ఇంతసేపూ.

"చూశావా?" అని అడిగింది.

"టైర్లు అప్పటికే వచ్చేశాయి వదినా," అన్నాడు మరిది నేల చూస్తూ. "అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోం అన్నారు. ఒక్క అంగుళమేగా అనుకున్నా."

"ఒక్క అంగుళమా? ఈయన తలకాయ గోడకి ఎంత దూరంలో ఆగిందో అడుగు!"

ఎర్రకారాయన ఆవిడకి చెయ్యెత్తి దండం పెట్టి, ఆదివారం అందరిముందూ తానే నిజం చెబుతానన్నాడు. "మీరు చెప్పడం కాదు, చెప్పాల్సింది ఇతను," అంది ఆవిడ. మరిది సరే అనలేదు, కాదనలేదు.

సాయంత్రం షెడ్డు మూసేముందు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "జరిగిందేదో జరిగింది వదినా. ఇంటి మాట ఇంట్లోనే ఉండనీండి. ఎనిమిదికి సరిపడే టైర్లు తెప్పించి ఎక్కించేస్తా. పొద్దున్నే రేసు కార్లవాళ్ళు ముగ్గురొస్తున్నారు. వాళ్ళొచ్చేలోపు ఆ రిమ్ము సబ్బునీళ్ళతో కడిగి, లోపలి రంగు కూడా గీకేసి పెట్టండి. బకెట్టూ బ్రష్షూ అక్కడే పెట్టా."

ఆవిడ సరే అనలేదు, కాదనలేదు.

అతను వెళ్ళాక షెడ్డులోకి వెళ్ళింది. రిమ్ముని దొర్లించుకుంటూ తలుపు దగ్గరికి తెచ్చి, వచ్చేవాళ్ళకి అంకెలు ఎదురుగా కనపడేలా నిలబెట్టి, పడిపోకుండా రెండు వైపులా చెక్కముక్కలు పెట్టింది. బకెట్టులో నురగ ఇంకా తేలుతోంది. బ్రష్షు పొడిగానే ఉంది. రెంటినీ ఉన్నచోటే ఉంచి ఇంట్లోకి వచ్చేసింది.