మాటల్లేని సీసపద్యం

మొన్న చిలకలూరిపేటలో ఒక పెళ్ళికి వెళ్తే, పెళ్ళికూతురి స్నేహితురాలెవరో సెల్‌ఫోన్ చూసుకుంటూ నాలుగు ముక్కలు చదివింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఏ పెళ్ళిలో ఎవరికి చదివినా సరిపోయే మాటలవి. ఎందుకో నాకు అన్నం సహించలేదు. మా పెదనాన్న ఉండి ఉంటే సగంలో లేచి వెళ్ళిపోయేవాడనుకుంటూ చెయ్యి కడిగేసుకున్నాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. పెదనాన్న బడిపంతులుగా రిటైరయ్యాక కాస్తంత మిరప వేసుకుని, మా చర్చిలో జరిగే ప్రతి పెళ్ళికీ ఒక సీసపద్యం కట్టేవాడు. పాస్టరుగారి దీవెన తరవాత ఆయన పద్యం పాడితేనే ఆ పెళ్ళి అయినట్టు లెక్క. కళ్ళంలో ఆరబోసిన కాయలకు కాపలా కూర్చుని, బొటనవేలితో వేళ్ళ కణుపులు తడుముకుంటూ ముందు రాగం తీసేవాడు, మాటలు ఆ వెనకాల వచ్చేవి. పెళ్ళికొడుకు పేరు గణాల్లో ఇమడకపోతే వాళ్ళింటికే వెళ్ళి, పిల్లాణ్ణి ముద్దుగా ఏమని పిలుస్తారమ్మా అని తల్లిని అడిగొచ్చిన ఘనుడు. నాకు పద్యం నేర్పిందీ ఆయనే, ఆ చలవతోనే నేను పేటలో తెలుగు టీచరునయ్యాను.

తొంభైల చివర్లో, ఆయన చిన్నకూతురికి పెళ్ళి కుదిరిన నెలలోనే పెదనాన్నకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది, విచిత్రంగా రాగం మాత్రం పోలేదు. ఊరందరి పిల్లలకూ పద్యం కట్టినవాడు సొంత బిడ్డకు కట్టుకోవద్దా? సెలవు పెట్టి వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఒక పాదం రాగం తీసి ఆగి, మాట అందించమన్నట్టు నా ముఖంలోకి చూసేవాడు. నేను అందించేదాన్ని. గణాలు సరిపోయేవి, యతి కుదిరేది, అయినా ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఇంటి దీపమన్నాను, కాదు. కంటి వెలుగన్నాను, అదీ కాదు. "మరేం చెప్పాలని పెదనాన్నా?" అని అడిగితే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి, నేనూ ఏడ్చాను. లోపల పద్యం ఉందని నాకు తెలుస్తూనే ఉంది, దాన్ని బయటికి తీసే ఉపాయం డాక్టరు దగ్గరా లేదు, నా దగ్గరా లేదు.

పెళ్ళిలో, నేను రాసుకెళ్ళిన పద్యం చదవబోతుంటే, పెదనాన్న ఎడమచేత్తో నన్ను ఆపి, కుర్చీలో కూర్చునే సీసం మొత్తం పాడాడు, ఒక్క మాట లేకుండా. పాదం పాదానికీ ఆగాల్సిన చోటే ఆగాడు, ఎత్తుగీతి అందుకున్నాడు, చివర ఎప్పటిలాగే గొంతు దించాడు. పెళ్ళికూతురు తలవంచుకుని వింటూ ఉండిపోయింది. ఆ మరుసటి ఎండాకాలం ఆయన వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మావైపు పెళ్ళిళ్ళలో పద్యం అడిగేవాళ్ళు లేరు. గణాలు ఎవరికైనా నేర్పగలను గానీ, ఎవరి పెళ్ళికి వాళ్ళ పద్యమే ఉండాలన్న ఆ పట్టుదల నేనెక్కడినుంచి తెచ్చివ్వను? ఆనాటి పెళ్ళికూతురు, మా చెల్లెలు, కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది: "అక్కా, నువ్వు పక్కనే ఉన్నావుగా, నాన్న నాకేం చెప్పాడు?" ఉద్యోగమంతా పద్యాలకు అర్థాలు చెప్పుకుంటూ బతికినదాన్ని, ఏదో ఒకటి కల్పించి చెప్పలేక, తెలియదనీ అనలేక, కాఫీ పెట్టుకొస్తానని లేచి వెళ్ళిపోతుంటాను.