నా పేరుతో ఆడిన జోగమ్మ

ఖమ్మంలో మేముంటున్న వీధి చివర ఒక మైదానం ఉంది. చలికాలం మొదలైతే చాలు, పొద్దు పొడవకముందే ఎవరో ఒకాయన బక్కెట్టు నిండా పొడి సున్నం తెచ్చి, పిడికిట్లోంచి సన్నగా జారవిడుస్తూ పిల్లల ఆటలకు గీతలు గీస్తాడు. మంచుకు తడిసిన మట్టి మీద పడ్డ సున్నం వాసన కొంచెం ఘాటుగా, కొంచెం చల్లగా మా వంటింటి కిటికీ దాకా వస్తుంది. పొద్దున్నే నడకకు పోయేవాళ్లంతా ఆ మైదానం పక్కనుంచే పోతారు. నేను మాత్రం చుట్టు తిరిగి వేరే సందులోంచి పోతాను. కుక్కలకు భయపడుతున్నానని మావారు అనుకుంటారు. నేనెప్పుడూ కాదనలేదు.

ములకలపల్లి దాటి, అడవి మొదలయ్యే చోట ఉండేది మా ఊరు. మా నాన్నావాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ మిరప, పొగాకు వేసుకుని స్థిరపడ్డారు. ఊళ్లో సగం ఇళ్లు మావంటి వలసవాళ్లవి, వాగు దాటితే కోయగూడెం. ఎండాకాలమంతా కల్లాల్లో ఆరబోసిన, బీడీలు చుట్టే తునికాకు కట్టల వాసన, తొలకరి పడగానే అడవిలోంచి వచ్చే వెదురు కొమ్ముల కూర, కార్తీకంలో నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, అరుగు మీద చుట్ట అడ్డంపెట్టి కాలుస్తూ దారినపోయే ప్రతివాణ్నీ నిలేసి మాట్లాడే మా నాయనమ్మ, ఇవన్నీ కలిసినదే మా లోకం. ఆ లోకానికి నడిమధ్యన, రెండు గదుల పెంకుటిల్లు మా బడి.

ఏడో తరగతి దాకా ఉన్న ఆ బడికి ఇద్దరే పంతుళ్లు. రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్దసారు కుర్చీ, రిజిస్టరు, కునుకు తప్ప వేరే వ్యవహారం పెట్టుకునేవారు కారు. మిగతా బడంతా సాంబయ్య సారే. ఆయనది కొత్తగూడెం, నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడట. బాయి దగ్గర పారేసిన రైలు పట్టా ముక్క ఒకటి సైకిలు వెనకాల కట్టుకుని తెచ్చి బడి ముందు గంటగా వేలాడదీశారు. ఇనుపచువ్వతో దాన్ని కొడితే గూడెం దాకా వినిపించేది. శనివారం మధ్యాహ్నం బాలసభ పెట్టి, నోరు విప్పనివాళ్ల చేత కూడా పాటో పొడుపుకథో చెప్పించేవారు. చింతగింజలతో లెక్కలు, బడి వెనక మడుల్లో టమాటలు, వంకాయలు, మేమే రాసి మైదాపిండితో అంటించే గోడపత్రిక, ఇట్లా ఒకటయ్యాక ఒకటి ఏదో ఒక పనిలో మమ్మల్ని ఊపిరాడకుండా ఉంచేవారు. ఇంత చేసినా మా బడికి అప్పటిదాకా వచ్చిన బహుమతి ఒక్కటే: పాటల పోటీలో ప్రోత్సాహకంగా ఇచ్చిన ప్లాస్టిక్ సబ్బుపెట్టె. సారు దాన్ని బీరువా పైఅరలో, గుడ్డ పరిచి పెట్టారు. ఊళ్లోకి ఎవరొచ్చినా తీసి చూపించేవారు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, మండల స్థాయి ఆటల పోటీల్లో ఆడపిల్లల ఖోఖోకి మా బడి పేరు ఇచ్చారు. అడవిలోంచి రెండు గుంజలు తెచ్చి పాతి, సున్నంతో గీతలు గీసి, రోజూ పొద్దున ప్రార్థనకు ముందు గంట, సాయంత్రం గంట ఆడించారు. తొమ్మిదిమందిలో నేనొకదాన్ని. బాగా ఆడేదాన్నని చెప్పను. బడిలో ఆడపిల్లలే తక్కువ కాబట్టి ఉన్నాను. కానీ జట్టు పేర్లు రాసి పంపిన కాగితంలో నా పేరు మొదట ఉండటం మాత్రం నాకు పెద్ద గొప్పగా ఉండేది.

అప్పుడొచ్చింది జోగమ్మ. గూడెం పిల్ల. ఆరు దాకా నా పక్కనే కూర్చుని చదివింది. ఎండాకాలంలో తల్లితో తునికాకు కోతకు పోయి, బడి తెరిచాక తిరిగి రాలేదు. పెద్దసారు రిజిస్టర్లో పేరు కొట్టేశారు. దసరా సెలవులు అయ్యాక సాంబయ్య సారే గూడేనికి రెండుమూడు సార్లు పోయి, తల్లిని బతిమాలి వెనక్కి తెచ్చారు. పేరు మళ్లీ ఎక్కించాలంటే పైనుంచి కాగితం రావాలన్నారు పెద్దసారు. కాగితం రాలేదు, జోగమ్మ మాత్రం రోజూ వచ్చేది.

ఆమె పరుగెత్తడం చూడాలి. మేము ఖోఖోలో గీత చూసుకుని పరుగెత్తేవాళ్లం. జోగమ్మ చెట్ల మధ్య నుంచి పోతున్నట్టు, ఒళ్లు ఒకవైపు చూపించి కాళ్లు ఇంకోవైపు వేసేది. చెయ్యి తగిలిందనుకునే క్షణంలో నడుం వంచి జారిపోయేది. తరుముతున్నప్పుడైతే గుంజను ఒంటిచేత్తో పట్టుకుని గాలిలో తిరిగి అవతల తేలేది. ఆడుతూ తన భాషలో ఏవో కేకలు వేసేది. మాకు అర్థం కాకపోయినా కాళ్లకు ఊపు వచ్చేది.

పోటీలకు రెండు రోజుల ముందు సారు నన్ను టమాట మడుల దగ్గరికి పిలిచారు.

"పద్మా, పేర్ల కాగితం ముందే పోయింది. జోగమ్మ పేరు అండ్ల లేదు. నీ పేరు మీద ఆమె ఆడుతది. నువ్వు మా ఎంబడే ఉంటవ్. మనసుల ఏం పెట్టుకోకు బిడ్డా. కప్పు వస్తె బడికే గదా."

"సరే సార్" అన్నాను. ఆయన ఇంకోసారి అడిగారు. ఇంకోసారి కూడా సరేనన్నాను. ఆ మాట నా నోటితో రెండుసార్లు చెప్పానన్నది నేను మర్చిపోవడానికి వీల్లేని సంగతి.

ఇంట్లో చెబితే అమ్మ అట్లకాడ పట్టుకునే ఇటు తిరిగింది. "గూడెంపిల్ల నీ పేరు పెట్టుకుని ఆడటమేంటే? నీకేం తక్కువా?" అంది. ఆ రాత్రి కంచంలో అన్నం వదిలేసి లేచాను.

పోటీలనాడు ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరుచుకుని బయల్దేరాం. మోదుగాకుల్లో కట్టిన పులిహోర, ఉడకబెట్టిన చిలగడదుంపలు, మంచినీళ్ల బిందె, అన్నీ మధ్యలో పెట్టి చుట్టూ కూర్చున్నాం. నా యూనిఫాం లంగా జోగమ్మ కట్టుకుంది. ఆమెకు వేరే లేదు, సారు అడిగితే ఇచ్చాను. దారి పొడుగునా దాన్ని మట్టి అంటకుండా మోకాళ్ల మీదకు మడిచి పట్టుకుని కూర్చుంది.

పొద్దున రెండు ఆటలు గెలిచాం. మధ్యాహ్నం ఫైనల్లో ఎదుటిది పెద్ద హైస్కూలు. వాళ్లకు తెల్ల బూట్లు, ఒకే రంగు రిబ్బన్లు, ఈల మెడలో వేసుకున్న ఆటల సారు. మావాళ్లవి వట్టి కాళ్లు. ఆట మొదలైన కాసేపటికే మైకులో ఆట వివరం చెబుతున్నాయన గొంతు మారిపోయింది. "పద్మ తప్పించుకుంది! మళ్లీ పద్మ! శభాష్ పద్మా!" అని అరవడం మొదలుపెట్టాడు. మైదానం చుట్టూ జనం, కిళ్లీకొట్టు ముందున్నవాళ్లు, గోడమీద కూర్చున్న పిల్లలు, అందరూ అందుకున్నారు. పద్మా, పద్మా. పుట్టి అన్నేళ్లలో నా పేరు అంతమంది నోట నేనెన్నడూ వినలేదు. నేనేమో నీళ్ల బిందె పక్కన, చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను.

నా పక్కన హైస్కూలు పిల్ల ఒకతె నిలబడింది. రెండు జడలు, చేతికి వాచీ. "మీ పద్మ ఎంత బాగా ఆడుతుందో! నీ పేరేంటి?" అని అడిగింది.

నా పేరు నేను చెప్పడానికి లేదు. ఏం చెప్పాలో తోచక "జోగమ్మ" అన్నాను.

ఆ పిల్ల పక్కనున్న స్నేహితురాలి వైపు తిరిగి, ఆ పేరును రెండు ముక్కలుగా విరిచి పలికింది. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు జోగమ్మకు తగలవలసింది, నాకు తగిలింది. వాళ్ల మీద రావలసిన కోపం నాకు జోగమ్మ మీద వచ్చింది.

మేం గెలిచాం. సాంబయ్య సారు ఎగిరి గంతేసి, చెప్పు తెగితే తెగినదాన్ని చేత్తో పట్టుకుని పిల్లల చుట్టూ తిరిగారు. షామియానా కింద బల్లమీద వరసగా కప్పులు. ఒక ఆఫీసరు బహుమతులు ఇస్తున్నాడు. ముందు ఉత్తమ క్రీడాకారిణి అని, మా బడి పేరు చెప్పి, "పద్మ" అని పిలిచారు. జోగమ్మ కాళ్లకంటిన మట్టిని గడ్డికి తుడుచుకుని, లంగా దులుపుకుని, సిగ్గుపడుతూ ముందుకు నడిచింది. సగం దూరం పోయి ఉంటుంది.

నేను గ్లాసు కింద పడేసి పరుగెత్తాను.

"సార్, పద్మంటే నేను. ఆమె జోగమ్మ. ఆమెకు మా బళ్లో పేరే లేదు సార్."

చెప్పింది ఆఫీసరుకే. చూసింది మాత్రం జోగమ్మ వైపు. ఆమె ముఖంలో ఏమవుతుందో చూడాలని ఉండింది నాకు. ఏమీ కాలేదు. నడుస్తున్నది ఆగింది, అంతే. చేతులు రెండూ లంగా మీద పెట్టుకుని, అది నాదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు వాటిని పక్కకు తీసేసింది.

తర్వాత జరగాల్సింది జరిగింది. రిజిస్టరు అడిగారు, హైస్కూలు ఆటల సారు గట్టిగా మాట్లాడాడు, సాంబయ్య సారు చేతులు కట్టుకుని "తప్పు నాదే సార్, పిల్లలది గాదు" అని ఒకే మాట చెబుతూ నిలబడ్డారు. కప్పు వాళ్లకు ఇచ్చారు. అదయ్యాక ఆఫీసరు నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, తన జేబులోని కలం తీసి నా చేతిలో పెట్టి మైకులో చెప్పాడు: "గెలుపు కన్నా నిజం గొప్పదని ఈ చిన్నపిల్ల మనందరికీ నేర్పింది." జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ వాచీపిల్ల.

తిరుగు దారిలో ట్రక్కులో ఎవరూ మిగిలిన పులిహోర పొట్లాలు విప్పలేదు. వాగు దగ్గర జోగమ్మ దిగిపోయింది. మర్నాడు పొద్దున్నే లంగా ఉతికి, మడిచి, మా అరుగు మీద పెట్టి పోయిందట. నాయనమ్మ చెప్పింది. బడికి మళ్లీ రాలేదు.

నెల తిరగకుండా సాంబయ్య సారును ఎక్కడో దూరానికి బదిలీ చేశారు. పోయేరోజు పిల్లలందరి దగ్గరికీ వచ్చినట్టే నా దగ్గరికీ వచ్చారు. ఆయన తిడితే బాగుండునని నేను తల వంచుకుని ఎదురుచూశాను. "నువ్వు చెప్పేదాంక ఆగకుండ నేనే చెప్పాల్సిండె. నీ పేరు తీస్కున్నది నేను. నువ్వు చదువు ఇడువకు" అన్నారు. సైకిలు ఎక్కి పోయారు. ఆ తర్వాత గూడేనికి పోయి జోగమ్మను అడిగేవాళ్లు లేరు. పైనుంచి రావలసిన కాగితం వచ్చిందో లేదో పట్టించుకున్నవాళ్లూ లేరు. గుంజలు ఆ చలికాలమే ఎవరో పొయ్యిలోకి పీకేశారు.

మా నాన్న ఆ కలాన్ని వచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవారు. హైస్కూల్లో చేరాక ఒకనాడు ప్రార్థనలో నన్ను ముందు నిలబెట్టి ఆ కథ చెప్పించారు. నేలకేసి చూస్తూ చెబితే, వినయమనుకుని మెచ్చుకున్నారు. పెళ్లిచూపుల్లో కూడా మా అమ్మ అదే కథ చెప్పింది. నాకు మంచిపేరు వచ్చిన ప్రతిచోటా దాని కింద ఆ నిజం ఉంది. నేను చెప్పింది అబద్ధమై ఉంటే ఎప్పుడో ఎవరికో ఒప్పుకుని తేలికపడేదాన్ని. నిజం కాబట్టి ఎవరి దగ్గరా క్షమాపణ అడగడానికి దారి లేకుండా పోయింది.

పోయిన వేసవిలో బంధువుల ఇంట్లో శుభకార్యానికి పోయినప్పుడు ములకలపల్లి సంతలో జోగమ్మ కనబడింది. చింతపండు కుప్ప ముందు కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది, ఒక మోకాలు మడవలేక చాపుకుని కూర్చుంది. నేనే పోయి పేరు చెప్పాను. గుర్తుపట్టింది. పిల్లల సంగతులు అడిగింది, సాంబయ్య సారు ఎక్కడున్నారని అడిగింది. చనిపోయారని విన్నానన్నాను. చింతపండులో పుల్లలు ఏరడం మొదలుపెట్టింది. అన్నేళ్లుగా గొంతులో ఉన్న మాట అప్పుడు అన్నాను.

"ఆ రోజు నేను తప్పు చేశాను జోగమ్మా."

"తప్పేంది? ఉన్నదే చెప్పినవ్ గదా" అంది. చేతులు ఆపలేదు. నావైపు చూడకుండానే అంది. "గని నా మొఖం చూసుకుంట చెప్పినవ్. గదే యాదికొస్తది."

చింతపండు కొంటానంటే, ఊరికే తీసుకుపొమ్మని ఆకులో కట్టి చేతిలో పెట్టింది. వద్దనే ధైర్యం కూడా లేకపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఊళ్లోకి పోయాను. పిల్లలు లేరని మా బడి ఎప్పుడో మూసేశారు. పెంకులు పోయి గోడలు రెండు మిగిలాయి. మేం ఆడిన చోట పామాయిల్ తోట, చెట్ల కింద ఎండ కూడా పడనంత చీకటి. మేమిద్దరం కాక జట్టులో ఉన్న ఎనిమిదిమందిలో ఇద్దరు చనిపోయారు, మిగతావాళ్లు ఎవరెక్కడున్నారో తెలియదు. ఆ ఆట ఫలితం కొట్టేశారు, పేర్ల కాగితంలో నా పేరు ఉంది, బడి రిజిస్టర్లో ఆమె పేరు లేదు. ఆ పరుగు చూసిన కళ్లు కూడా ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. కనీసం ఇక్కడైనా రాసి ఉండాలి: ఆ మధ్యాహ్నం ఆ మైదానంలో జనమంతా నా పేరు పెట్టి అరుస్తుంటే ఆడి గెలిచింది జోగమ్మ.